ఎర్రని చేపబిడ్డల కోసం పాత్రపూర్ దాకా

నేను పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేస్తాను. కప్ప గుండె, వానపాము అడ్డుకోత, మందారపువ్వు నిలువుకోత, చేప మొప్పలు. విజయవాడలో మా ఇంటి వెనకగదిలో కూర్చుని ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇదే. ఈ వేసవిలో ఒక జంతుశాస్త్రం పుస్తకానికి కొర్రమీను బొమ్మ వేశాను. పక్కన దాని పిల్లల్ని బూడిదరంగు చుక్కల్లా పెట్టి, ఒకసారి సరిచూడమని హైమకు ఫోనులో పంపాను. హైమవతీ నేనూ విశాఖపట్నంలో డిగ్రీ కలిసి చదివాం. బరంపురంలో గోసాని నువాగాం అనే పాతపేటలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది. ఇప్పుడు అక్కడే ఒక కాలేజీలో చేపల జీవశాస్త్రం చెబుతోంది. బొమ్మ చూసిన వెంటనే ఫోన్ చేసింది. "పిల్లలు బూడిదరంగేటే వాణీ? కొర్రమీను పిల్లలు ఎర్రగా కుంకంలాగుంటాయి. కాస్త ఎదిగేదాకా అంతే. నువ్వెప్పుడూ సూడనేదా?" అంది. చూడలేదన్నాను. "అయితే నాలుగు వానలు పడ్డాక వొచ్చీ. నేను సూపిస్తాను" అంది. అంతే. మంచి ఎండల్లో విన్న ఆ మాట వానల దాకా నా కళ్లలో ఎర్రగా తిరుగుతూనే ఉంది.

విజయవాడ నుంచి హౌరా వైపు వెళ్లే రాత్రి బళ్లు చాలానే ఉన్నాయి. భోజనం వేళకి ఎక్కితే తెల్లారేసరికి బరంపురంలో దిగవచ్చు. స్టేషన్ బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది, కంగారు పడకండి. స్లీపర్ టిక్కెట్టు నాలుగైదు వందల్లో అయిపోతుంది. పలాస దాటాక మెలకువ వస్తే మళ్లీ పడుకోవద్దని నా సలహా. నాకు సోంపేట దగ్గర తెలివి వచ్చింది. రాత్రంతా వాన పడినట్టుంది, మడులన్నీ నీళ్లతో నిండి ఆకాశాన్ని నేల మీద పరిచినట్టున్నాయి. పడమట కొండలు మబ్బులో కలిసిపోయి, ఏది కొండో ఏది మబ్బో తెలియడం లేదు. ఇచ్ఛాపురం దాటాక పట్టాల పక్కన మొగలి పొదలు మొదలయ్యాయి. కిటికీలోంచి వచ్చిన తడిగాలికి నిద్రా మెలకువా కానట్టు కూర్చుండిపోయాను. దిగాల్సిన స్టేషన్ వచ్చినా లేవబుద్ధి కాలేదు.

హైమ ప్లాట్‌ఫారం మీదే ఉంది. స్నానం అయ్యాక వాళ్ల వీధి చివర ఒక బండి దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ ఇడ్లీ మీద చట్నీకి బదులు ఘుగుని వేస్తారు. మన బఠాణీ కూరే, కాస్త పలచగా, ఘాటుగా ఉంటుంది. ఇద్దరికీ కలిపి వంద లోపే అయింది. బండి నడిపే ఆవిడ నా ప్లేటులో ఇంకో గరిటె వేస్తూ, "కొత్త మడిసేటి మేడం?" అని అడిగింది.

"నా నేస్తం. విజయవాడ నుంచి సేపల్ని సూడ్డానికొచ్చింది" అంది హైమ.

"సేపల్ని సూడ్డానికా? దానికింత దూరమేల? బజారుకెల్తే కావలసినన్ని సూడొచ్చు కదమ్మా!"

ముగ్గురం నవ్వుకున్నాం. అయితే ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. నేను అంతవరకూ గీసిన చేపలన్నీ బజారు నుంచో సీసాల నుంచో వచ్చినవే.

హైమ విద్యార్థినులు నలుగురు బస్టాండులో మా కోసం కాచుకుని ఉన్నారు. చిన్న కన్నుల వలలు, మూతలున్న బకెట్లు, గుడ్డలో చుట్టిన ఒక గాజుపెట్టె వాళ్ల దగ్గరున్నాయి. చికిటి మీదుగా పాత్రపూర్ వెళ్లే ప్రైవేటు బస్సులు పొద్దున్న తరచుగానే ఉంటాయి. మనిషికి డెబ్బై దాకా తీసుకుంటారు, దారిలో ఆగే ఊళ్లను బట్టి గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఎడమ కిటికీ పక్కన కూర్చున్నాను. ఊరు దాటగానే వరినారు పచ్చదనం మొదలై, చికిటి దాకా ఎక్కడా తెగలేదు. బస్సులో ఒరియా పాట ఏదో సన్నగా వస్తోంది. వెనక సీట్లో అమ్మాయిలు ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి ఒరియాలో ముగిస్తున్నారు. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడే హైమ ఫోన్ మోగింది. చేసింది గౌరి. మేం వెళ్తున్న ఊరిపిల్ల, హైమ దగ్గరే చదువుతోంది. కొర్రమీను పిల్లల్ని మొదట చూసి హైమకు చెప్పింది తనే. హైమ కాసేపు విని, "నానబెట్టేసినారా?" అంది. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

కొంతసేపటికి తనే చెప్పింది. గౌరి ఆ పిల్లల్ని చూసిన చెరువును ఊరి మహిళాసంఘం ఈ ఏడు కౌలుకు తీసుకుంది. బొచ్చె, రోహు పిల్లల్ని పెంచుతారు. పెంపకం చేపల్ని వదిలేముందు చెరువులో అంతకుముందున్న చేపలన్నిటినీ చంపేయడం మామూలు. దానికి ఇప్పనూనె తీశాక మిగిలిన పిండిని రాత్రంతా నానబెట్టి నీళ్లలో చల్లుతారు. దాని విషం చేపలకే గానీ మనుషులకు పనిచేయదు, తేలిన చేపల్ని వండుకోవచ్చు. మూడు వారాలకి నీళ్లు మళ్లీ మామూలవుతాయి. వచ్చే వారం అనుకున్న ఆ పనిని సంఘం ఇవాళే పెట్టుకుంది.

"ఆపమని అడుగుతావా?" అన్నాను.

"ఏ మొకం పెట్టుకుని అడగనే? వాళ్ల బంద. వాళ్ల బతుకు" అంది హైమ. అక్కడ చిన్న చెరువును బంద అంటారు. "నానిన పిండి రేపటికి ఉండదు. ఒక్క పూట అడుగుతాను. ఇస్తే ఇస్తారు."

పాత్రపూర్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆరుగురికీ, సామానుకీ కలిపి రెండు వందలన్నాడు. ఊరిపేరు రాయొద్దని హైమ నన్ను అడిగింది, కొర్రమీనుకు గిరాకీ ఎక్కువ కాబట్టి. బాహుదా నది వైపు వెళ్లే మట్టిరోడ్డు అని మాత్రం రాస్తాను. ఆటోవాలా మా వలలు చూసి, "ఆ బందకేనా మేడం? పిండి బస్తాలు నిన్న నేనే దించినాను" అన్నాడు. హైమ, "అయితే కాస్త బేగి పోనీ బాబూ" అంది. అతను గుంతల్లో నీళ్లు ఎగజిమ్ముతూ పోనిచ్చాడు.

చెరువు చిన్నదే. గట్టు మీద ఒక గుడిసె, నాలుగు కొబ్బరిచెట్లు. ఒక వైపు కలువాకులు, ఇంకోవైపు తూటికాడ పొదలు. గట్టు మీద ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పిండి నల్లగా నానుతోంది. దాని వాసన తియ్యగా, కాస్త వెగటుగా ఉంది. పదిమంది దాకా ఆడవాళ్లు చీరలు ఎగగట్టి సిద్ధంగా ఉన్నారు. సంఘానికి పెద్ద పార్వతమ్మ. యాభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా, ఎవరు మాట్లాడినా కళ్లలోకి చూస్తూ వినే మనిషి. అక్కను అక్కడ అప్ప అంటారు, హైమ ఆవిడని పార్వతప్పా అని పిలిచింది.

"పార్వతప్పా, పిండి ఎయ్యొద్దనను. పొద్దు వాలేదాకా ఆగితే మా పిల్లలు దిగి, దొరికినన్ని సేపల్ని బతికుండగా తీసేస్తారు. ఆ తర్వాత మీ ఇష్టం."

"తీసి ఏటి సేస్తావు తల్లీ?"

"గౌరీ వాళ్ల పొలంలో ఇటుకల మట్టి తవ్విన గొయ్యి ఉన్నాది కదా, దాన్లో ఏస్తాం. పెద్ద వానకి ఈ నీళ్లూ ఆ నీళ్లూ ఒకటే కాలవలో కలుస్తాయి. కొత్త సేప కాదు, ఊరి సేపే."

పార్వతమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "పోయినేడు పక్కూరి బందలో మేం పిల్లలేసినాం. ఇలగే కాసిని కొర్రమీన్లు ఉండిపోనాయి. బొచ్చె పిల్లలన్నిట్నీ మింగీసినాయి. పంటకి వల ఏస్తే గుప్పెడు రానేదు. నా మాట నమ్మి సేరిన ఆడోళ్లు వీళ్లంతా. ఈపాలి ఒక్క కొర్రమీను ఉండిపోయినా నాను వీళ్ల మొకం సూడనేను" అంది.

అప్పుడు గౌరి మెల్లగా, "ఆ కొర్రమీన్లనీ తీసేస్తాం పెద్దమ్మా. అయ్యి పోతేనే కదా నీకు మంచిది" అంది. పార్వతమ్మ ఆ పిల్లని చూసింది, డ్రమ్ములు చూసింది, మబ్బు చూసింది. "సరే. పొద్దు వాలేదాకా. ఆ పైన ఒక్క నిమిషం ఆగను" అంది.

గౌరి నన్ను తూటికాడల వైపు తీసుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. "కదలకండి ఆంటీ. సూడండి" అంది. నాకు ముందు ఏమీ కనిపించలేదు. నీళ్లలో మబ్బు, మబ్బులో తూటికాడల నీడలు. చూస్తూ ఉండగా ఒకచోట నీటి అడుగున ఎర్రగా ఏదో మెదిలింది. గుప్పెడు కుంకుమ నీళ్లలో వేస్తే కరగకుండా ఊపిరి పీలుస్తున్నట్టు, అది విచ్చుకుంటోంది, ముడుచుకుంటోంది. అలాగే పైకి వచ్చింది. వందల నోళ్లు ఒక్కసారి నీటిని తాకాయి, సన్నని జల్లు పడ్డట్టు అక్కడొక్కచోటే నీరు చిటపటలాడింది. మళ్లీ దిగిపోయింది. దాని కింద నల్లగా, నా చేతి పొడవున, ఒక నీడ మెల్లగా తిరిగింది. కొర్రమీను. తల్లో తండ్రో తెలియదు. ఇంకో నీడ కాస్త అవతల కలువాకుల కింద ఉంది. ఎంతసేపు చూశానో గుర్తులేదు. లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి, చెరువు నిండా మనుషులున్నారు.

అందరూ దిగారు. హైమ అమ్మాయిలు వలలతో, సంఘం వాళ్లు పాత దోమతెరలతో. ఎవరు ముందు మొదలుపెట్టారో తెలియదు గానీ, పని మొదలయ్యాక గట్టు మీద ఊరికే నిలబడటం ఎవరి వల్లా కాలేదు. నేను కూడా చీర ఎగగట్టి నడుంలోతులోకి వెళ్లాను. మెత్తటి బురద, వెచ్చటి నీళ్లు, కాళ్లకి తగిలి జారిపోయేవి ఏమిటో తెలియదు. తెరలు ఎత్తినప్పుడల్లా వెండిలా మెరుస్తూ చిన్నచేపలు వచ్చాయి. పరిగెలు, బొమ్మిడాయిలు, వాళ్లు కవు అని పిలిచే మొండిచేప. ఆ కవు బకెట్టులోంచి దూకి, మొప్పల మీద పాకుతూ గడ్డిలో నాలుగడుగులు నడిచింది. హైమ దాన్ని పట్టుకుని పాఠం మొదలుపెట్టేసింది.

"ఇది నీళ్లు దాటి ఎలగ బతుకుతుంది? మొన్న సెప్పినాను, ఎవరు సెప్తారు?"

ఒక అమ్మాయి నీళ్లలోంచే, "మొప్పల పైన ఇంకో అర ఉంటుంది మేడమ్. గాలి అందులో పట్టుకుంటుంది" అంది.

"మరి ఈ ముళ్లు ఎందుకు?"

"పాకడానికి!"

సంఘం ఆడవాళ్లు కూడా పని ఆపి విన్నారు. హైమ గాజుపెట్టెలో నీళ్లు పోసి ఒక్కో రకాన్నీ వేసి నాకు చూపించింది. ఒక చేప ఒళ్లంతా అద్దం. వెన్నెముక, పొట్టలోని వెండిసంచి, అవతల నిలబడ్డ గౌరి పసుపు ఓణీ, అన్నీ దానిలోంచే కనిపించాయి. నేను గీసిన ఏ నిలువుకోత బొమ్మా అంత వివరంగా లేదు. అది మాత్రం ఏమీ ఎరగనట్టు తోక ఆడించుకుంటోంది.

కాసేపటికి పార్వతమ్మ గాజుపెట్టె దగ్గరికి వచ్చింది. "ఇన్నిట్లో మా పిల్లల్ని తినేవి ఏవి తల్లీ?" అని అడిగింది.

"నోరు సూడప్పా" అంది హైమ. వెండిరంగులో వేలెడున్న చేపని చూపించింది. ఒరియాలో దాన్ని మహురాళి అంటారు. "ఇంత సిన్న నోరు, పైకి తిరిగి ఉన్నాది. నీటి మీది నాచు, నలుసులు తింటుంది. మీ బొచ్చె పిల్లల్ని ఏటీ సెయ్యదు. ఇదిగో, ఈ మట్టగిడస నోరు సూడు. కంటి వెనక దాకా సీల్చినట్టుంది. ఇది తింటుంది."

పార్వతమ్మ ఒక్కో చేప నోరూ చూడటం మొదలుపెట్టింది. తర్వాత కూలబడి, రెండు బకెట్లు దగ్గరికి లాక్కుని తనే వేరు చేసింది. మధ్యలో తలెత్తి, "ఈ మహురాళి పిల్లలకి పెడితే కళ్లకి మంచిదని మా అత్త వండేది. గోతిలో ఏసినవాట్ని నీళ్లు సక్కబడ్డాక మళ్లీ నా బందలోకి తెచ్చుకోవచ్చునా?" అంది. హైమ మొహం వెలిగిపోయింది. "తెచ్చుకో అప్పా. బొచ్చెలతో కలిసి పెరుగుతాయి" అంది.

పొద్దు వాలుతుండగా ఇక కొర్రమీన్ల వంతు వచ్చింది. వల వేస్తే అవి బురదలో దూరిపోతాయి. పార్వతమ్మ ఊత తెప్పించింది. ఊత అంటే అడుగు లేని వెదురుబుట్ట, కింద వెడల్పు, పైన చెయ్యి పట్టేంత నోరు. నీళ్లలో నాటితే లోపల చేప చిక్కుతుంది. ఆవిడ ఊతతో అలికిడి లేకుండా ఎర్రని గుంపు దగ్గరికి వెళ్లింది. పిల్లలు పైకి వచ్చిన క్షణాన, వాటి పక్కన చేత్తో నీటిని తట్టింది. కాపలా కాసే చేప ఆ చేతి మీదికి దూకింది. ఊత దిగింది. ఆవిడ భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, పళ్లు బిగబట్టి, చేపని బయటికి తీసింది.

అంత పెద్దదని నేను అనుకోలేదు. ఆవిడ రెండు చేతుల్లో మెలికలు తిరుగుతోంది. గట్టు మీంచి ఎవరో, "పులుసుకి బాగుంటాది పార్వతీ, ఇడిసిపెట్టకు!" అని అరిచారు. పార్వతమ్మ వేలి నుంచి రక్తం కారుతోంది, అది కరిచినట్టుంది. పోయినేడు ఈ జాతి చేపే ఆవిడ పంట మింగింది. ఇంత బరువు చేపని బజారులో అమ్మినా ఒక మంచి చీర వస్తుంది. మేం అడగగలిగిందంతా పొద్దునే అడిగేశాం.

ఈలోపు గౌరి, ఇంకో అమ్మాయి దోమతెరతో ఎర్రని పిల్లల్ని మెల్లగా ఎత్తి పెద్ద అల్యూమినియం బేసినులో పోశారు. అవి చెదిరి, గోడలకి తగులుతూ పిచ్చిగా తిరుగుతున్నాయి. పార్వతమ్మ చేప బరువుకి అలసి, ఊపిరి పీల్చుకోవడానికన్నట్టు దాన్ని అదే బేసినులో దించింది. పెద్దచేప కదలకుండా అడుగున ఉండిపోయింది. పిల్లలు ఒక్కొక్కటీ దాని వీపు మీదికి చేరాయి. కాసేపటికి బేసినులో ఒకే ఎర్రటి మబ్బు, దాని కింద నల్లటి నేల. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వంగి చూశారు. పులుసు మాట ఎత్తినావిడ కూడా.

పార్వతమ్మ వేలికి కొంగు చుట్టుకుంది. "నా బందలో ఉంటేనే దీనికీ నాకూ పగ. ఆ గోతిలో ఉంటే దాని బతుకు దానిది. ఎత్తండి, బేగి" అంది.

నలుగురం బేసిను ఎత్తుకుని పొలంగట్ల మీద నడిచాం. మూత తడిగుడ్డ. అడుగు జారినప్పుడల్లా నీళ్లు మా చీరల మీద పడ్డాయి. మట్టి గొయ్యి చుట్టూ దర్భగడ్డి మెత్తగా పెరిగి ఉంది, నీళ్ల మీద తెల్లకలువలు విచ్చుకుంటున్నాయి. బేసిను ఒంచగానే పెద్దచేప ఒక్క విదిలింపుతో మాయమైంది. పిల్లలు నలుదిక్కులా చెదిరిపోయాయి. ఎర్రదనం పలచబడి, పలచబడి, నీటిలో ఏమీ మిగల్లేదు. "కలుస్తాయా మేడమ్?" అంది గౌరి. "తెలీదే" అంది హైమ.

రెండో కొర్రమీను దొరకలేదు. పార్వతమ్మ ఊత ఎన్నిసార్లు వేసినా, బురద తప్ప ఏమీ రాలేదు. అన్నమాట ప్రకారం పొద్దు వాలగానే పిండి చల్లారు. నానిన ముద్దలు నీళ్లలో గోధుమరంగు నురుగై వ్యాపించాయి. మిగిలిపోయిన చేపలు కాసేపటికి గాలికోసం పైకి రావడం మొదలుపెట్టాయి. చీకటి పడేముందు కలువాకుల పక్కన ఆ రెండో కొర్రమీను తేలింది. గౌరి పరుగున వెళ్లి బకెట్టు మంచినీళ్లలో వేసింది, హైమ రెండుసార్లు నీళ్లు మార్చింది. మొప్పలు ఒకటి రెండు సార్లు తెరుచుకుని ఆగిపోయాయి. హైమ బకెట్టు ముందు అలాగే కూర్చుంది. అమ్మాయిలు దగ్గరికి వెళ్లలేదు. పార్వతమ్మ వచ్చి ఆ చేపని తీసి, సంఘం వాటాల్లో కలిపింది. "ఇంక ఏటి సేస్తాం తల్లీ. లెగు" అని హైమ భుజం పట్టుకుని లేపింది.

బరంపురం ఆఖరి బస్సు ఎలాగూ పోయింది. గౌరి వాళ్లింట్లోనే ఉండిపోయాం. వాళ్లమ్మ చింతపండు పులుసుతో చేపలకూర, వేడన్నం పెట్టింది. నా కంచంలో పెద్ద ముక్క పడింది. అది ఏ చేపో అడగలేదు, అడగక్కర్లేదు కూడా. అన్నం కలపకుండా కూర్చున్నాను. పక్కనే హైమ ముల్లు తీసుకుంటూ తింటోంది. ఏడ్చి ఉన్న కళ్లు.

"తిను వాణీ. ఇక్కడ సేప తినేవాళ్లకే అది కావాలి. రేపు అది నేకుండా పోతే ముందు తెలిసేది వీళ్లకే. మనం తినకుండా లేస్తే ఆవిడ వొండిందానికి అర్థమేటి?" అంది.

తిన్నాను. రుచిగా ఉంది. ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

తెల్లవారుతుండగా గౌరి లేపింది. రాత్రి మళ్లీ వాన పడింది. పొలాల మీద పొగమంచు లాంటి తేమ, ఎక్కడో నీటికోడి కూత. గట్ల మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాం. గోతి దగ్గర హైమ మమ్మల్ని పడమటి ఒడ్డున కూర్చోబెట్టింది. నీళ్లు నల్లగా, నిలకడగా ఉన్నాయి. కలువలు ముడుచుకోలేదింకా. వెలుగు మెల్లగా పాకుతోంది. నాకు నిద్ర ముంచుకొచ్చి కళ్లు వాలాయి. గౌరి నా మోచెయ్యి పట్టుకుంది.

దర్భగడ్డి నీడలో ఒకచోట నీరు చిటపటమంది. వాన లేదు. నీటి అడుగున నుంచి ఎర్రదనం వచ్చింది. నిన్నటి కంటే చిన్నగుంపు. చాలా పిల్లలు దారి తప్పి ఉంటాయి. అయినా గుంపే. విచ్చుకుంది, ముడుచుకుంది, ఊపిరి తీసుకుంది, దిగింది. కింద నల్లని నీడ నెమ్మదిగా తిరిగి, మాకూ వాటికీ మధ్య ఆగింది. హైమ చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

వెనక ఎవరో వస్తున్న అలికిడి. పార్వతమ్మ. వేలికి గుడ్డకట్టుతో, భుజాన పారతో పొలానికి పోతోంది. "ఉన్నాయా?" అంది గుసగుసగా. గౌరి చెయ్యి చూపించింది. ఆవిడ పార గడ్డిలో పడుకోబెట్టి, మా వెనకే గొంతుక్కూర్చుని చూసింది. ఎర్రటి గుంపు ఇంకోసారి పైకి వచ్చి వెళ్లింది.

"వొచ్చే యేడు పిండి కొనకముందే నీకు ఫోన్ సేస్తాను. నాలుగు రోజులు ముందే దిగుదాం. తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ తీసేద్దాం" అంది పార్వతమ్మ హైమతో. పార తీసుకుని వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీకి తల ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నాను. మనం చూడదలుచుకున్నది మన కోసం ఆగదు. నేను ఒక రంగు చూద్దామని వెళ్లాను. ఒక్క రోజు ఆలస్యమైతే ఆ నీళ్లలో ఆ రంగు ఉండేది కాదు. ఉన్నదాంట్లో సగాన్ని కూడా మేం కాపాడలేకపోయాం. ఆ మిగిలిన కాస్తా పొద్దున్నే పైకి వచ్చి ఊపిరి తీసుకుంటుంటే మాత్రం, గట్టున కూర్చున్న మా అందరికీ ఆ ఊపిరి ఆడినట్టుంది. ఒక పూట నీళ్లలో నిలబడి చేసిన పనికి ఇంత నిద్ర, ఇంత నెమ్మది దొరుకుతాయని నాకు తెలియదు. చికిటి ఎప్పుడు దాటిందో కూడా చూడలేదు.

మీరు వెళ్లేటట్టయితే జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా, వాన వెలిసిన ఉదయాలు మంచివి. ఊరివాళ్లని అడిగే చెరువు దగ్గరికి వెళ్లండి. పొద్దుటిపూట ఎండ ఎదురుగా పడేలా, పడమటి ఒడ్డున కూర్చోండి. అప్పుడు మీ నీడ నీళ్ల మీద కాక వెనక గడ్డి మీద పడుతుంది. నీడ పడితే పిల్లలు అడుగుకు దిగిపోతాయి, మళ్లీ ఎప్పటికి వస్తాయో చెప్పలేం.